తొమ్మిదిసార్లు విప్పిన ఫ్రేము

ఎక్కడ ఏ తప్పు జరిగినా అది తనదేనని ఒప్పుకోవడం జనార్దనయ్య సారుకు వ్యసనం. ఉదయగిరి బస్సు గంట ఆలస్యమైతే, "నేనే తొందరపడి వచ్చినట్టుండాను" అనేవారు. ఎవరైనా కాలు తొక్కితే, "కాలు అక్కడ పెట్టింది నేనే గదా" అని తొక్కినవాణ్ణే ఓదార్చేవారు. ఆత్మకూరు బస్టాండు పక్కన వెల్డింగు షాపు నడిపే గోవిందయ్యకు ఆయన్ని చూస్తేనే నవ్వొచ్చేది.

తొంభై ఎనిమిదిలో, సైన్సు పాఠాలు చెప్పి రిటైరైన సారు ఒక పిచ్చిపని మొదలుపెట్టారు. కంప్యూటరు చెప్పినట్టు చెక్కను చెక్కే సి.ఎన్.సి. యంత్రాన్ని, పాత ప్రింటర్ల మోటార్లతో ఇంట్లోనే తయారుచేస్తారట. దాంతో ఉదయగిరి చెక్క గరిటెల మీద పూలు చెక్కించాలని ఆశ. ఇనుప ఫ్రేము పని గోవిందయ్యది.

"ఎదురెదురు మూలల మధ్య రెండు కొలతలూ ఒకటి కావాల గోవిందయ్యా. లేకుంటే గుండ్రటి పువ్వు కోడిగుడ్డయిపోద్ది."

"ఇరవై ఏళ్లుగా గేట్లు చేస్తా ఉండాను సార్. నాకు చెప్తారా?"

గోవిందయ్య కొలిచి, కోసి, అతికించాడు. సారు టేపు పట్టి చూస్తే నాలుగు మిల్లీమీటర్లు తేడా.

"నాదే తప్పు. గుర్తు వంకరగా పెట్టినాను," అన్నారు సారు. విప్పి మళ్లీ అతికిస్తే తేడా ఆరయింది. "నా టేపు సాగినట్టుండాది." మూడోసారి ఎండకు ఇనుము ఉబ్బిందనీ, ఆ ఎండలో పని పెట్టింది తానేననీ అన్నారు.

గేట్ల బేరానికి వచ్చినవాళ్లతో కలిసి గోవిందయ్య కూడా నవ్వాడు. "పాఠాలు చెప్పిన చేతులు. గీత గీయడం రాదు," అని వాళ్లకు వివరించాడు.

తొమ్మిదోసారి విప్పాక సారు, "నా కళ్లే పోయినట్టుండాయి. నెల్లూరులో చూపించుకుంటా, తోడు రా," అన్నారు. గోవిందయ్య జాలిపడి బయల్దేరాడు.

ఆసుపత్రిలో సారు, "ఎట్టాగూ వచ్చినావు గదా," అని అతన్నే ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. డాక్టరు చదవమని చేతికిచ్చిన అక్షరాల అట్టను చూసి, "ఇంగ్లీషు నాకు రాదు సార్," అన్నాడు గోవిందయ్య.

"అది తెలుగే," అని డాక్టరు సారు వైపు తిరిగాడు. "మీకెందుకు సార్ మళ్లీ? పోయిన నెలే చూసినాను గదా. మీ కళ్లకేం?"

తిరుగు బస్సు సంగం ఊరు దాటాక గోవిందయ్య సారు వైపు తిరిగాడు.

"మీకెప్పుడు తెలిసింది సార్?"

"రెండో తడవ. టేపు మీద మూడుని ఎనిమిదిగా చదివినావు."

"అప్పుడే చెప్పొచ్చు గదా."

"గేట్ల బేరానికి ముగ్గురు నిలబడుండారు. వెల్డింగు చేసేవాడికి కళ్లు ఆనవని వాళ్ల ముందర అంటే నీ గిరాకీ ఏం గావాల? ఒంటరిగా దొరుకుతావేమోనని చూస్తా ఉండినాను. నువ్వేమో నన్ను చూపించి నవ్వేదానికి ఇంకో నలుగుర్ని పిలిచినావు."

వారానికి కళ్లద్దాలు వచ్చాయి. పదోసారి అతికిస్తే రెండు కొలతలూ వెంట్రుకవాసి తేడా లేకుండా కుదిరాయి. ఫ్రేమును బండిమీద వేసుకుని సారింటికి వెళ్లిన గోవిందయ్య, గేటు ముందు ఆగి, కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

"ఈ గేటు ఎవరు చేసింది సార్? ఇంత పక్కకు ఒరిగుండాది."

"నువ్వే. పోయిన సంవత్సరం."

గోవిందయ్య చెవులు ఎర్రబడ్డాయి. "ఒక్క మాటన్నా అనలేదే."

"ఎందుకంటాను?" అంటూ సారు గేటు తెరిచి వదిలేశారు. అది కిర్రుమంటూ మెల్లగా వచ్చి మూసుకుంది. "దానంతట అదే మూసుకుంటాది. ఈ ఊళ్లో ఇంకే గేటుకుండాది ఈ సౌకర్యం?"