ఎద్దు పైత్యరసం

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ప్రొద్దుటూరు కాలేజీలో బయోకెమిస్ట్రీ మేడం బోర్డు మీద ‘టారిన్’ అని రాసిన రోజు, తలనొప్పి అని చెప్పి నేను బయటికి వచ్చేశాను, అది అబద్ధం. ఆ గదిలో నాకు తడిసిన జొన్నచొప్ప వాసన కొట్టింది.

“ల్యాటిన్‌లో ఎద్దును టారస్ అంటారు. దీన్ని మొదట ఎద్దు పైత్యరసంలోంచి తీశారు, అందుకే ఆ పేరు,” అంది మేడం. మన గుండెలో, కంటిలో కూడా ఉంటుందట.

మా ఊరు పెద్దముడియం దగ్గర. నా చిన్నతనంలో, ఎలక్షన్ల ముందు, అవతలి పార్టీవాళ్లు మా కొట్టంలో దూరి, బండలాగుడు పందెంలో గెలిచిన జతలో ఎడమ వైపు కట్టే ఎద్దును పొడిచి చంపి పోయారు. చొప్ప మీద నెత్తురు కంటే, దాని కడుపులోంచి కారిన పైత్యపు పసరు రంగే నాకు గుర్తుండిపోయింది.

తర్వాత జమ్మలమడుగులో పెద్దలు రాజీ చేశారు. రాజీ అయ్యాక జరిగినదాని గురించి ఎవరూ నోరెత్తకూడదు. ఎత్తితే మళ్లీ కత్తులు లేస్తాయి. ఆ గొడవల్లో మా చిన్నాయన మీద పెట్టిన కేసు పోవాలంటే, మా అబ్బ, అంటే నాయన వాళ్ల నాయన, ఎద్దు ఊసెత్తకూడదు. అబ్బ సరేనన్నాడు. కాని ప్రతి సాయంత్రం కొట్టంలో ఎడమ పక్క ఊడ్చి, అటువైపు మేత వేసే గాడి కడిగేవాడు. మిగిలిన ఎద్దును అక్కడికి రానిచ్చేవాడు కాదు.

“ఏంది మామా, దయ్యానికి మేత పెడ్తాండావా?” అనేవాడు పక్కింటాయన.

“చీమలు పట్నాయిలే అప్పా,” అని అబ్బ చీపురు ఆపేవాడు కాదు.

హాస్టల్లో డిక్షనరీ తిరగేశాను. పశువుల్లోనైతే ఆ ‘టారస్’ అన్న మాట మూపురం లేని విదేశీ జాతులకేనట. మా ఎద్దుది ఎంత మూపురమో. ఆ మాటలో కూడా దానికి చోటు లేదు.

సెలవులకు పోయేసరికి అబ్బ మంచాన పడి ఉన్నాడు. రెండో ఎద్దు కూడా అప్పటికే పోయింది. నేను తిరిగి పోయే ముందు సాయంత్రం, చదువులో ఏం చెప్తాండారని అడిగాడు. తడబడి, చివరికి చెప్పేశాను. “యాడో దూరదేశంలో ఎద్దు పైత్యంలోంచి ఏందో తీసినారంట అబ్బా. దానికి ఎద్దు పేరే పెట్టినారంట.”

నాయన గడపలోనే నిలబడి ఉన్నాడు. అయినా అబ్బ గొంతు తగ్గించలేదు. మర్నాడు నేను బస్సెక్కేటప్పటికి ఆయన నిద్రలో ఉన్నాడు, ఆ తర్వాత ఆయన్ను ప్రాణంతో చూడలేదు. నాతో ఆయన అన్న ఆఖరి మాట ఆ సాయంత్రానిదే.

“ఆ ఎద్దు ఎవురిదమ్మా? ఆయప్ప గూడా రాజీకి ఒప్పుకున్యాడా?”