వీరయ్య నేసిన సముద్ర దోసకాయ

గద్వాలలో వీరయ్య ముందు ఫొటో పెట్టి ‘ఇట్లా నెయ్యి’ అన్నవాళ్ళెవరూ బతికి బట్టకట్టలేదు. మాటలతోనే చంపేస్తాడు. నలభై ఏళ్ళుగా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషికి హంసెట్లా ఉంటుందో, నెమలెట్లా ఉంటుందో ఒకరు చూపించాలా?

అందుకే వనపర్తి సింధూజ తన పెళ్ళిచీరకు ఒక అంచున పాలపిట్టలు, రెండో అంచున సముద్ర దోసకాయలు కావాలంటూ ఫోన్ తీయబోతే చేయి అడ్డం పెట్టాడు. పెళ్ళికొడుకు పక్షుల మీద చదివాడట, తను సముద్రం మీద.

“దోసకాయ తెల్వదా బిడ్డా నాకు? సముద్రం పక్క కాస్తే మాత్రం దోసకాయ గాకుంట పోతదా?”

నేశాడు. పసుపుపచ్చగా, గుండ్రంగా, ఒంటినిండా చారలతో, కోసి పప్పులో వేసుకుందామా అన్నట్టు వచ్చాయి. పప్పులో కాలేసింది మాత్రం వీరయ్యే.

పెళ్ళి దగ్గరపడ్డాక తల్లి పుష్పమ్మను వెంటబెట్టుకుని వచ్చిన సింధూజ, చీర విప్పి చూసి ఫోన్ తీసింది. అందులో ఫొటో చూపించింది. ఇసుకలో నల్లగా, పొడుగ్గా, కీరకాయంత ముద్ద.

“గిది జీవమా?” వీరయ్య గొంతు దిగిపోయింది. “తలకాయ యాడుంది?”

“గదే తేడా పెద్దయ్యా. పాలపిట్ట ముక్కు చూస్తే ముందెటో తెలుస్తది. దీనికి కండ్లు లేవు, తల లేదు. ఒక దిక్కు నోరు, అంతే. పిట్ట తీగ మీద కూసోని పురుగును చూసి దుంకుతది. ఇది ఇసుక మింగి, అండ్ల తిండి తీసుకొని, సాఫైన ఇసుక ఇడుస్తది. ఆపదొస్తే పిట్ట ఎగిరిపోతది. ఇది పేగులు బయటికి కక్కుతది. మళ్ల మొలుస్తయి.”

వీరయ్యకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళలో ఒక్క చీర వెనక్కి రాలేదు. వచ్చేది పెళ్ళికూతురి చీరేనా! కొత్తది నేసే వ్యవధి కూడా లేదు.

“తప్పు నాదే బిడ్డా. ఇంకోటేదన్న కట్టుకో. దీన్ని ఈడ్నే ఇడ్సిపో.”

పుష్పమ్మ అంచు మీది దోసకాయను వేలితో తడుముతోంది.

“నేను గూడ గిదే అనుకుంటి,” అంది మెల్లగా. “నా బిడ్డ కూరగాయల మీద పెద్ద చదువు చదువుతుందని ఊరంత చెప్పిన.”

సింధూజ ఉలిక్కిపడింది. “నన్నడగకపోతివేందమ్మా?”

“నువ్వెప్పుడన్న చెప్పినవా?”

సింధూజ తల్లిని పీట మీద కూర్చోబెట్టి, ఫోన్ ఆమె చేతిలో పెట్టి, మొదటినుంచి చెప్పసాగింది. పుష్పమ్మ ఒక్కొక్కటే అడుగుతూ వింది. అన్నీ అయ్యాక, సిగ్గుతో చీర మడిచి లోపల పెట్టబోతున్న వీరయ్య చేయి పట్టుకుని ఆపింది సింధూజ.

“గదే కట్టుకుంట పెద్దయ్యా. గీ దోసకాయలేందని అడిగినోళ్లకు మా అమ్మనే చెప్తది.”