మామ్మ మొప్ప ఎత్తి చూసిన రోజు

నా చిన్నప్పుడు నేను రెండింటికే భయపడేదాన్ని. ఒకటి లెక్కల మాస్టారు, రెండోది సూది. కొన్నాళ్ళకి బడే మానేసి మాస్టారి పీడ వదిలించుకున్నాను. సూది మాత్రం అంత సులువుగా వదల్లేదు.

మాది సముద్రం ఒడ్డున చిన్న ఊరు. ఆటో ఎక్కితే కోటబొమ్మాళి వెళ్ళొచ్చు. మా మామ్మ తట్ట నెత్తిన పెట్టుకుని చేపలు అమ్మేది. ఇంటి వసారాలో ఐసు నింపిన థర్మాకోల్ పెట్టె ఎప్పుడూ ఉండేది. నాకప్పుడు తొమ్మిదేళ్ళుంటాయి. ఒడ్డున ఆరేసిన వల మీద గెంతుతుంటే అరికాల్లో జెల్ల చేప ముల్లు దిగింది. చెబితే ఇంజక్షన్ చేయిస్తారని నేనే పీకేసి, ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నాను. రెండు రోజులకి పాదం బొప్పాయికాయంత అయింది, ఒళ్ళు కాలిపోతూ వణుకు పట్టుకుంది.

అమ్మ టౌనుకి తీసుకెళ్తే డాక్టరు గారు ముందు రక్తం తీయించారు. పుండులోని క్రిములు రక్తంలోకి ఎక్కాయన్నారు. ఎంత ఎక్కాయో రక్తపరీక్ష కాగితం మీద ఒక అంకె చెబుతుందట. మాత్రలు రాసి, మూడో రోజున మళ్ళీ రక్తం చూడాలన్నారు. ఆ అంకె తగ్గితే సరే, లేదంటే మందు మార్చాలి. తర్వాత గొంతు తగ్గించి, ఎముకకి పట్టిందంటే పాదం దక్కడం కష్టమని అమ్మతో అన్నారు. పెద్దవాళ్ళు గొంతు తగ్గించిన మాటలే పిల్లలకి బాగా వినపడతాయి.

ఆ రెండు రోజులూ నా పాదాన్ని నేనే చూసుకుంటూ కూర్చున్నాను. అది లేకుండా ఒడ్డున ఎలా పరిగెడతానో ఊహించుకుని ఏడ్చాను. ఏడ్చి ఏడ్చి ఒక ఉపాయం కనిపెట్టాను. రక్తం తీయకపోతే తగ్గలేదని ఎవరికీ తెలియదు. తెలియకపోతే పాదం తీయరు. అంతే కదా! లెక్కల మాస్టారు నాకు సున్నాలు ఊరికే వేయలేదు.

మూడో రోజు తెల్లారేసరికి మామ్మ పెట్టెలోంచి ఐసుముక్కలు తీసుకున్నాను. నుదురూ చెంపలూ మెడా రుద్దుకున్నాను. రెండు ముక్కలు చంకల్లో నొక్కిపెట్టాను, ఇంకొన్ని గుడ్డలో చుట్టి పాదానికి కట్టాను. అమ్మ వచ్చే అలికిడికి అన్నీ తీసి మంచం కిందకి తోసేశాను. అమ్మ థర్మామీటర్ పెట్టి చూసి, జొరం లేదని దండం పెట్టేసింది. వాపూ కొంచెం తగ్గినట్టుంది. జొరం పోయాక మళ్ళీ రక్తం తీయించి పిల్లని ఏడిపించడం ఎందుకు, ఆటో వద్దని చెప్పేస్తానంది. చలికి పళ్ళు టకటకలాడుతున్నా ఆపుకుని ఇంత నవ్వు నవ్వాను.

అప్పుడు మామ్మ వచ్చింది. నా చెంప మీద చెయ్యి వేసి, అలాగే ఉంచేసింది. నలభై ఏళ్ళు ఐసులో మునిగిన చెయ్యి అది, పైచలవ కింద దాగిన వేడి దానికి తెలిసిపోతుంది. తర్వాత మంచం కింద పారుతున్న నీళ్ళని చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. పెట్టెలో అడుగున, అమ్మకుండా పక్కన పడేసిన ఒక చేపని తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"ఇదెలాగుందే, సెప్పు."

"బాగుంది మామ్మా, మెరుస్తన్నాది."

మామ్మ బొటనవేలితో దాని మొప్ప ఎత్తింది. లోపల ఎరుపు లేదు. నల్లబడి, జిగురు పట్టి ఉంది.

"సూసినావా? ఐసు ఎంతేసినా పైపైనే, ఓ గుంటా. లోపల ఏటున్నాదో ఇక్కడ దొరికిపోద్ది. మనిషికి మొప్పల్లేవు కదా, అందుకే సూది. నాకాడ సేపలు కొన్నోళ్ళని నానెప్పుడూ మోసం సెయ్యలేదు. నువ్వు నన్నే మోసం సేస్తావేటే?"

ఆ చివరి మాట అంటుంటే మామ్మ గొంతు వణికింది. దేనికీ జంకని మామ్మ భయపడుతోందని అప్పుడు తెలిసింది. అది చూశాక నా భయం తగ్గలేదు, రెట్టింపయింది. కానీ మామ్మతో కలిసి ఆటో ఎక్కాను.

సూది గుచ్చినప్పుడు మామ్మ భుజం కొరికేశాను. కాగితం వచ్చేదాకా ఇద్దరం బల్ల మీద కూర్చున్నాం. చివరికి ల్యాబు అబ్బాయి కాగితం తెస్తే, చదువు రాని మా మామ్మ లేచి నిలబడి అడిగింది, "మొప్ప ఎర్రగున్నాదా బాబూ?" ఆ అబ్బాయికి పాపం ఏం అర్థం కాలేదు.

ఎర్రగా లేదు. అంకె తగ్గకపోగా పెరిగింది. డాక్టరు గారు ఆ పూటే నన్ను ఆసుపత్రి మంచం ఎక్కించి మందు మార్చారు. ఇంకొక్క రోజు ఆలస్యమైతే చెప్పలేమన్నారు. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు రక్తం తీశారు. రెండుసార్లూ నేనే చెయ్యి చాపాను, కళ్ళు మాత్రం గట్టిగా మూసుకుని. అంకె దిగింది. పాదం నాతోనే ఉంది.

ఇప్పుడు ఆ తట్ట నా నెత్తి మీదకొచ్చింది. మామ్మ లేదు. నా నోటి దురుసుకి బజారంతా నవ్వుతుంది, నవ్వినవాళ్ళు ఒక చేప ఎక్కువే కొంటారు. అయితే ఏ రోజైనా నేను మరీ ఎక్కువగా నవ్విస్తున్నానని అనిపిస్తే, తట్ట దించి ఒక్క క్షణం నా చెంప మీద నా చెయ్యే వేసి లోపల ఏముందో చూసుకుంటాను. మా మామ్మలాగే, తీయకుండా కాసేపు ఉంచుతాను.