అరవై ఒక్క మొగ్గలు

మహబూబ్‌నగర్ ఆఫీసుల రోడ్డు మీద, ఎండకు గొడుగు పట్టుకుని బస్సు కోసం నిలబడితే, గొడుగు మీద ఏదో రాలిన చప్పుడైంది. తీసి చూస్తే గుల్‌మొహర్ పువ్వు. నాలుగు రేకులు ఎరుపు, ఐదోది తెలుపు మీద ఎర్రచుక్కలు, నడుమ పది కేసరాలు. యాభై దాటిన దాన్ని, పదిమంది చూస్తుండగానే ఆ ఐదో రేకు నోట్లో వేసుకున్నాను. చిన్నప్పటి అదే పులుపు. దాంతోపాటు పాత కోపమూ లేచింది.

మా ఇల్లు ఊరి చివర, మేకల దొడ్డి పక్కన ఉండేది. నేను బడికి పోయింది రెండేళ్లే. లెక్క నేర్చుకున్నది మాత్రం ఈ రోడ్డు మీదే, పొద్దున ముప్పై నాలుగు మేకలను తోలుకుపోతూ, సాయంత్రం ముప్పై నాలుగూ ఉన్నాయో లేవో చూసుకుంటూ. మేకలయ్యాక చెట్లను లెక్కపెట్టడం మొదలుపెట్టాను: పదకొండు గుల్‌మొహర్‌లు, నాలుగు రేలలు, ఒక బంగళా గోడ లోపల పచ్చ తురాయి. హోలీ దాటి, మోదుగు పూలు రాలిపోయి, నేల పెనంలా కాలే రోజుల్లో రేల కొమ్మలకు పసుపు గుత్తులు వేలాడేవి, వాటి వెనుకే ఆకు లేని గుల్‌మొహర్ కొమ్మలు నిప్పుల్లా కణకణలాడేవి. అవ్వ పోసిన చల్లటి జొన్నంబలి తాగి, ఆ నీడలో కూర్చుని, మేకలు కాసే పిల్లలం కేసరాల తలలు ఒకదానికొకటి తగిలించి లాగేవాళ్లం, ఎవరి తల తెగితే వాళ్ల కోడి చచ్చినట్టు. ఎండిన కాయలు మాకు కత్తులు.

అలాంటి కత్తినొకదాన్ని చీల్చి, మూడు గింజలను బండకు రాసి, నానబెట్టి వాకిట్లో పాతాను. ఒకటే మొలిచింది. చుట్టూ తుమ్మకంప పెట్టి మేకల నుంచి కాపాడాను. ఆరేళ్లకు దొడ్డి కప్పుకన్నా ఎత్తు పెరిగింది గానీ పూయలేదు.

కాయని చెట్టును బెదిరించే ఆచారం మావైపు ఉండేది. ఒకరు గొడ్డలి ఎత్తుతారు, ఇంకొకరు చెట్టు తరఫున జమానతు నిలబడి, వచ్చే ఏడు కాస్తుందని మాటిస్తారు. చింతకో మామిడికో చేసే ఆ తంతును, ఆ ఉగాదినాడు అవ్వ నా చెట్టుకు పెట్టింది.

"పూత లేదు, కాయ లేదు, ఉత్తగ జాగ దండుగ. కొట్టేయ్‌రా," అంది కొడుకుతో, మా బాపుతో.

బాపు గొడ్డలి ఎత్తాడు. "ఏమే చెట్టూ, పూస్తవా, కొట్టాల్నా?"

"పూస్తది బాపూ! వచ్చే ఎండలకు పూస్తది. జమానతు నేనున్న."

"పూయకుంటె?"

"పూయకుంటె కొట్టుకో."

"గట్లనే. మాట నీది, మొద్దు నాది. ఏడాది పొయ్యిలకు ఫికర్ లేదు," అని అవ్వ నవ్వింది.

నాకది నవ్వులాట కాలేదు. ఏడాదంతా మేక పెంట వేశాను, కడవతో నీళ్లు మోశాను. మరుసటి ఎండాకాలం కొమ్మల కొసలకు పచ్చటి గుండ్లు కనిపించాయి. ఐదు గుత్తులు, అరవై ఒక్క మొగ్గలు. రోడ్డు మీది చెట్లను చూసి, గోడకు బొగ్గుతో గీతలు గీసి నేను తేల్చుకున్న లెక్క ఒకటుంది: శనగగింజంత మొగ్గ విచ్చుకోవడానికి తొమ్మిది రోజులు. అమ్మతో కలిసి, మేనమామ కొడుకు పుట్టువెంట్రుకలకు యాదగిరిగుట్ట పోయి నాలుగు రోజుల్లో తిరిగొచ్చినా, ఇంకా ఐదు రోజులు మిగులుతాయి. ధైర్యంగా బయలుదేరాను. అరవై ఒకటని కనిపించిన వాళ్లందరికీ చెప్పాను. ఆ పచ్చ గుండ్లే పువ్వులవుతాయని మాత్రం బాపుకు విడమరచి చెప్పాలని తోచలేదు. ఆ మాత్రం తెలియనివాళ్లుంటారా అనుకున్నాను.

తిరిగొచ్చేసరికి చెట్టుకు ఐదు మొండికొమ్మలు. కొత్తగా ఈనిన మేక, రెండు పిల్లలను పక్కన పెట్టుకుని, చివరి గుత్తి నములుతోంది.

"చెట్టును ముట్టలే బిడ్డా, కొమ్మలే కొట్టిన. పచ్చిమేత లేక దీనికి పాలు దిగుతలేవు," అన్నాడు బాపు.

"గవి మొగ్గలు బాపూ!"

"మొగ్గలా? మొగ్గంటె ఎర్రగుండాలె గద. నేను చిగుర్లనుకున్న."

నేను పుట్టకముందు నుంచీ ఆ రోడ్డు మీద మేకలు తోలిన మనిషి ఆయన. ఎర్రగా ఉన్నప్పుడు చూశాడు, పచ్చగా ఉన్నప్పుడు ఒక్కనాడూ తలెత్తలేదు. తిడదామంటే మేకపిల్లలు బతికాయి. నన్ను నేను తిట్టుకుందామంటే నా లెక్క తప్పలేదు. ఆ కోపం ఎవరి మీద పెట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ ఎండలు గడిచి ఉగాది మళ్లీ వచ్చింది. "ఏదే, పూసిందా నీ చెట్టు?" అంది అవ్వ.

"అరవై ఒక్క మొగ్గలు..."

"మొగ్గలు లెక్కకు రావు. యాడ పూసింది, మేక కడుపులనా?"

అందరూ నవ్వారు. మాటిచ్చింది నేనే కాబట్టి చెట్టు ముందు నుంచి తప్పుకున్నాను. బాపు నా మొహం చూడకుండా చెట్టు కొట్టాడు. ఏడాదికని చెప్పిన కట్టెలు రెండు నెలలకే అయిపోయాయి.

ఇప్పుడు ఈ రోడ్డు మీద గుల్‌మొహర్‌లు రెండే. రేల ఒక్కటీ లేదు. పచ్చ తురాయి ఉన్న బంగళా గోడే లేదు. గొడుగు మీద పువ్వు రాలింది కూడా గాలికి కాదు. తలెత్తితే, కరెంటు తీగలకు తగులుతున్నాయని ఒకతను నిచ్చెనెక్కి కొమ్మలు కొడుతున్నాడు.

"అయ్యా, ఆ కొమ్మకు మొగ్గలున్నయి. ఇంకో వారమైతే విచ్చుకుంటయి," అన్నాను.

"ఎరుకేనమ్మా. ఇచ్చుకుంటె మస్తుంటది, మా బిడ్డ గూడ ఏరుకుంటది," అన్నాడు మర్యాదగా. "జర పక్కకు జరుగు, మీద పడ్తది."

జరిగాను. బాపుకు తెలియదు. ఇతనికి తెలుసు.

కొమ్మ నా కాళ్ల ముందు పడింది. బస్సు వచ్చింది, ఎక్కలేదు. వంగి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఇరవై ఏడు దగ్గరికి వచ్చేసరికి రెండో కొమ్మ పడింది.