రేగడి దారికి టైర్లు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగైదేళ్లయిన రోజుల్లో నేను ఖానాపూర్ వైపు పల్లెల్లో మశూచి టీకాలు వేసే ఉద్యోగం చేసేవాణ్ణి. మాకో పాత పికప్ ఉండేది. దాన్ని నడిపే ఆయన నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. నేను చాచా అనేవాణ్ణి, ఆయన నన్ను సాబ్ అనేవాడు. మృగశిర దాటి వానలు పట్టుకునేసరికి వెనక టైర్లు రెండూ అరిగి నున్నగా అయ్యాయి. కొత్తవి చూసి తెమ్మని ఆఫీసువాళ్లు మమ్మల్నిద్దరినీ కరీంనగర్ పంపారు.

దుకాణంలో నాకు నచ్చినవి వెడల్పాటి టైర్లు. నల్లగా మెరుస్తూ ఒళ్లంతా చిన్న చిన్న గళ్లతో ఉన్నాయి. చాచా వాటి దగ్గర ఆగలేదు. వెనక పెరట్లో మిలిటరీవాళ్లు వేలం వేసిన సామాను కుప్ప ఉంటే అక్కడ కూర్చున్నాడు. ఇనుప రిమ్ములతో సహా రెండు సన్నటి టైర్లు పడి ఉన్నాయి. వాటి మీది రబ్బరు పట్టీలు లావు, మధ్య సందుల్లో రెండు వేళ్లు పడతాయి. బోల్టు రంధ్రాలను పుల్లతో కొలిచి, మన బండికి సరిపోతాయన్నాడు.

"వెడల్పుది బురద మీద జారుతది సాబ్. సన్నది కోసుకుంట పోయి కింద గట్టి నేలను పట్టుకుంటది. గా చిన్న గళ్లల్ల రేగడి ఇరికితే మళ్ల ఊడది."

పాతవి కొంటే ఆఫీసులో ఏమనుకుంటారోనని నా భయం. కొత్తవే తీసుకుందామన్నాను. సంతకం పెట్టేది నేను. ఆయన ఆ కొత్త టైర్లే దొర్లించుకొచ్చి బండిలో వేశాడు.

వారం తిరగకముందే ఓ ఊరికి పోవలసి వచ్చింది. దాని పక్క ఊళ్లో అమ్మవారు పోసిందని కబురు. మందు సీసాలు మంచు ముక్కల మధ్య ఫ్లాస్కులో పెట్టుకుని తెల్లవారకముందే బయల్దేరాం. ఇంకో రెండు కోసుల దూరముందనగా ఎర్ర చెలక నేలలు అయిపోయి నల్లరేగడి మొదలైంది. చక్రాలు నాలుగు చుట్లు తిరిగేసరికి గళ్లన్నీ మన్నుతో నిండాయి, బండి పక్కకు జారి కాలువలో ఒరిగింది. మోదుగ కొమ్మలు పరిచాం. చాచా ఒక్కో గడీ పుల్లతో గీకాడు. ఎండ ఎక్కింది గాని బండి కదలలేదు. చివరికి చెప్పులు ఒక చేత, ఫ్లాస్కు ఒక చేత పట్టుకుని నేను నడిచాను.

మధ్యాహ్నం దాటాక చేరాను. జనం పిల్లల్ని చంకనేసుకుని చావడి దగ్గర పొద్దటి నుంచీ కూర్చున్నారు. మూత తీస్తే మంచు లేదు, నీళ్లు గోరువెచ్చగా తగిలాయి. అలాంటి మందు వాడొద్దని మాకు గట్టి ఉత్తర్వు. ఆ మాటే చెప్పాను. వాళ్లందరినీ పోగుచేసిన ముసలావిడ నా బురద కాళ్లకేసి చూసింది.

"కలుపు ఇడిసిపెట్టి కూసున్నం బిడ్డా. మళ్లెప్పుడు రమ్మంటె గప్పుడే వస్తం. నువ్వయితే రా."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఊరివాళ్లే రెండు జతల ఎడ్లు తెచ్చి బండిని బయటికి లాగారు. తిరుగుదారిలో, ఆ సన్నటి టైర్ల కోసం రేపే కరీంనగర్ పోదామని చాచాతో అన్నాను. "ఆఫీసుల ఏమంటరు సాబ్?" అని అడిగాడు.

"గది నేను జెప్పుకుంట" అన్నాను.

సంజాయిషీ అడిగారు. ఎంపికలో పొరపాటు నాదేనని రాసిచ్చాను. ఆ కొత్త టైర్లు తారురోడ్డు మీద తిరిగే ఇంకో బండికి వేశారు, దానికి బాగానే పనికొచ్చాయి.

ఐదోనాడు సన్నటి టైర్లతో అదే దారిన పోయాం. బండి ఊగింది, రేగడి పెళ్లలు పెళ్లలుగా ఎగిరిపడింది, కానీ ఎక్కడా ఆగలేదు. ఈసారి చావడి దగ్గరికి సగం మందే వచ్చారు. మిగతావాళ్లకు ముసలావిడ వెంట ఇల్లిల్లూ తిరిగి టీకాలు వేశాను.

ఆ వానాకాలం ఆ ఊళ్లో ఇద్దరు పిల్లలకు అమ్మవారు పోసింది. ఇద్దరూ బతికారు. మొదటిరోజే టీకా పడి ఉంటే తప్పేదా అని డాక్టరును అడగాలని చాలాసార్లు అనుకున్నాను. అడగలేదు.