రెండో పీపా

ఇస్తపలాపా కొండకింది పేటకు నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. అందుకే ప్రతి ఇంటి పీపాలూ రాత్రింబవళ్లు వీధిలోనే వరుస కట్టి ఉంటాయి. అందరూ గౌరవంగా ‘డాన్’ అని పిలిచే ముసలి ఫెర్మిన్‌ది మాత్రం అక్కడ ఒక్కటే పీపా. రెండోది ఇంట్లో, మంచం పట్టిన భార్య పక్కన ఉంటుంది. ఎలుకలు కొరకలేని చోటు అదొక్కటేనని, నలభై ఏళ్లుగా పోగుచేసిన పేట చరిత్రంతా అందులోనే దాచాడు. రాజుల నాటి పట్టాల నకళ్లు, కాలువ పూడ్చి రోడ్డు వేసిన రోజు ఫొటోలు, చుట్టూ సరస్సు ఉన్నప్పటి పటం. మెడదాకా గుండీలు పెట్టుకుని, పీపాల దగ్గర కూర్చున్న ఆడవాళ్లకు ఆ పటం విప్పి చూపిస్తాడు.

"మా ముత్తాత ఇక్కడే పడవ కట్టేసేవాడు."

"ఆయన్నో బిందెడు నీళ్లు పంపమను, డాన్ ఫెర్మిన్," అంటుంది ఎదురింటి చేలా.

ఈసారి ఇరవై రెండు రోజులకు ట్యాంకరు వచ్చింది. అప్పటికి ఆయన భార్య ఒబ్దూలియా వీపు పుండ్లు కడగడానికి చెంబెడు నీళ్లు కూడా లేవు. ఫెర్మిన్ పీపా సగం నిండగానే తుప్పుపట్టిన అడుగు ఊడిపోయింది. నీళ్లన్నీ వీధిపాలయ్యాయి.

"ఇంకోటుంటే తే, పెద్దాయనా. లేకపోతే నే పోతున్నా," అన్నాడు డ్రైవరు.

ఫెర్మిన్ రెండో పీపా ఈడ్చుకొచ్చి వీధిలో బోర్లించాడు. కాగితాలు ఏరబోయిన చేలాను, "అవొదిలెయ్యమ్మా, పీపా పట్టుకో," అన్నాడు. పటం మీంచి నీళ్లు పారుతున్నాయి.

"ఏంటయ్యా ఆ చప్పుడు?" లోపల్నుంచి ఒబ్దూలియా అడిగింది.

"ఏం లేదే. నీళ్లొచ్చాయి."