హుసేనప్ప చెప్పిన సాక్ష్యం

సహోదరులారా, మన గుడి అయ్యగారు నన్ను సాక్ష్యం చెప్పడానికి నిలబడమని అడగడం ఇది మూడోసారి, రెండుసార్లు తప్పించుకున్నాను, ఎందుకంటే సాక్ష్యమంటే చివరకు అంతా బాగైపోయిందని చెప్పాలని అనుకునేదాన్ని, నాకు అంతా బాగవలేదు. అయినా దేవుడు చేసింది దాచిపెట్టడం కూడా అబద్ధమే గదా.

నా పేరు మార్తమ్మ, మాది లింగాల దగ్గర పల్లె. నా భర్త యేసోబు, నేను కూలికి పోయి బతికేవాళ్ళం. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఎండాకాలం మా పేట బావి ఎండిపోయింది. ఊరి బావిలో మేము చేద వేయకూడదు, ఎవరైనా పోస్తే పట్టుకోవాలి. ఒకరోజు మధ్యాహ్నం దాకా ఎవరూ పోయలేదు. అప్పుడు మా ఆయనే చేద వేసి మా ఆడవాళ్ళందరి కడవలూ నింపాడు. వారం తిరగకముందే ఊళ్ళో పెద్ద భూములున్న ఆసామి గడ్డివామి పట్టపగలు తగలబడింది. యేసోబే అంటించాడని పట్టించి పులివెందుల సబ్‌జైలులో పెట్టించారు.

మంట లేచిన వేళకు నా భర్త మా చిన్న గుడి కప్పు మీద ఉన్నాడు. కొత్త బోదగడ్డి కప్పుతున్నాడు, కింద నుండి గడ్డి అందించింది మా సంఘపెద్ద దావీదన్న. నేను ఆయన ఇంటికి పోయి, "అన్నా, కోర్టుకొచ్చి ఆ ఒక్క మాట చెప్పు" అన్నాను. ఆయన తల ఎత్తలేదు.

"నేను ఆసామి సేద్యంలో జీతానికి ఉండా మార్తమ్మా. నోరు తెరిస్తే నా పిల్లోళ్ళు యాడికి పోవల్ల? ప్రార్థన చేస్తాంలే."

ఆ ఆదివారం ఆయన అందరి ముందు నా భర్త కోసం శానాసేపు ప్రార్థించాడు. నేను కళ్ళు మూసుకోలేదు. ఆనాటి నుండి గుడికి అలవాటు కొద్దీ పోయేదాన్ని, పాటలప్పుడు నోరు కదిలేది, అంతే. ఒకరోజు జైలుకు సంగటి మూట తీసుకుపోతూ దారిలో నిలబడిపోయి పైకే అన్నాను: "ప్రభువా, నీ గుడికి కప్పేసిన నా మొగుణ్ణి పట్టకపోయిరి. నువ్వు చూస్తాంటివి గదా. కోర్టుకు నువ్వన్నా రా, లేకుంటే నన్ను పిలవద్దు." అన్న తర్వాత భయం వేసింది గానీ సిగ్గు వేయలేదు.

వాయిదా రోజున వేంపల్లె నుండి హుసేనప్ప అనే ఆయన నడిచి వచ్చాడు. ఊరూరా తిరిగి బొంతలకు దూది ఏకే మనిషి, ముసల్మాను. ఆయనను ఎవరూ పిలవలేదు, ఎక్కడో ఈ సంగతి విని వచ్చాడు.

"సామీ, ఆ పొద్దు వాళ్ళ గుడి నీడన కూచోని బువ్వ తింటాంటి. ఈయప్ప కప్పు మీద ఉండె. పొగ లేస్తే పైనుంచి చూసి అరిసింది గూడా ఈయప్పే."

అవతలి వకీలు, "వీళ్ళకూ నీకూ ఏం సంబంధం?" అని అడిగాడు.

"ఏమీ లే సామీ. చూసినా, చెప్తాండా."

కేసు కొట్టేశారు. నేను ఆయన కాళ్ళ మీద పడబోతే పక్కకు జరిగి, "మొదట మీ ఆయప్పను ఆసుపత్రికి తోలకపో తల్లీ, ఆ దగ్గు మంచిది కాదు" అన్నాడు.

నిజమే, నాలుగు నెలల జైలులో నా భర్తకు క్షయ పట్టింది. అలా మేము ఈ జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రికి వచ్చాం. డాక్టరమ్మ చేయగలిగిందంతా చేసింది, నేనూ మళ్ళీ మోకరించాను, అయినా ఏడాదిన్నరకు యేసోబు ప్రభువు దగ్గరకు వెళ్ళిపోయాడు. అది దేవుని చిత్తమని కొందరు నన్ను ఓదార్చారు. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. ఆయన ప్రాణం తీసింది మనుషుల అబద్ధం.

నేను ఈ ఆసుపత్రిలోనే ఆయాగా కుదిరాను. భర్త పోయిన దుఃఖం కంటే దావీదన్న మీది పగే నన్ను ఎక్కువగా తినేసింది, అన్నం ముందు కూర్చున్నా ఆయన వంచిన తలే కనిపించేది. ఇంతలో ఆయన భార్య రాహేలమ్మ నా దగ్గరకు వచ్చింది. యేసోబు చనిపోయిన వార్త విని దావీదన్న సంఘం ముందు తన పిరికితనం ఒప్పుకున్నాడట, ఆసామి ముఖం మీదే నిజం చెప్పాడట, సేద్యం పోయి ఇప్పుడు ఇక్కడి నాపరాతి గనిలో రాళ్ళు కొడుతున్నాడట. అది విన్నా నా మనసు మెత్తబడలేదు.

ఆయన ఈ గుడికే వచ్చి వెనక వరుసలో కూర్చునేవాడు. ప్రభు భోజనపు రొట్టె పంచడం మొదలవగానే, తాను దానికి తగనన్నట్టు లేచి వెళ్ళిపోయేవాడు. ఏడాది పాటు చూశాను. ప్రతిసారీ నాకు తృప్తిగా ఉండేది, ఆ తృప్తి చూసి నాకే భయమేసింది. "ప్రభువా, ఈ పగ మానుకోవడం నా చేత కాదు, నువ్వే తీయి" అని అడిగాను. ఒక ఆదివారం ఆయన లేవగానే నేనూ లేచి వాకిలి దగ్గర అడ్డం నిలబడ్డాను.

"కూచో అన్నా. నేను మర్చిపోలే. అయినా కూచో."

ఆయన కూర్చున్నాడు. పక్కనే నేనూ కూర్చుని రొట్టె తీసుకున్నాను. ఆ రోజు ఇంటికి పోయి కడుపునిండా అన్నం తిన్నాను. నాకు కలిగిన విడుదల అదే, దేవునికే మహిమ. దావీదన్న ఇప్పుడు మీ మధ్యే ఉన్నాడు, ఇదంతా చెప్పడానికి ఆయనే ఒప్పుకున్నాడు.

నా భర్తను ఎందుకు బతికించలేదని దేవుణ్ణి ఇంకా అడుగుతూనే ఉన్నాను. మీలో ఎవరైనా ఆయన మీద కోపంతో మాట్లాడటం మానేసి ఉంటే, ఆ కోపంతోనే రండి, ఉన్నదున్నట్టు ఆయనకే చెప్పండి. నేను చెప్పాను. ఆయన నన్ను తోసివేయలేదు.